ఇంటికి ఎలక్ట్రిక్ డీప్ ఫ్రైయర్ కొనాలా? కడప వంటింట్లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఉగ్గాని పక్కన బజ్జీ లేకపోతే టిఫిన్ తిన్నట్టే ఉండదు అనుకునే ఊర్లు మనవి. అందుకే కరెంటుతో నూనె కాచి వేయించే ఈ ఫ్రైయర్ గురించి అడిగేవాళ్లకు కొదవ లేదు. అయితే మిక్సీ కొన్నట్టు వాట్లు, రంగు, ఆఫరు చూసి కొనేసేవాళ్లే ఎక్కువ. దాంట్లో ప్రతిసారీ ఎంత నూనె పోయాలి, మిగిలిన నూనె ఏం చేయాలి అన్నది ఇంటికి తెచ్చుకున్నాక గానీ గుర్తు రాదు. ఈ పేజీలో సగం జవాబులు ఆ నూనె చుట్టూనే తిరుగుతాయి.

అసలు మా ఇంటికి ఇది అవసరమా?

నలుగురున్న ఇల్లు, వాన పడిన సాయంత్రం ఒక పది బజ్జీలు, పండక్కి నాలుగు రకాల పిండివంటలు, అంతే అయితే వద్దు. డబ్బు దండగ. మామూలు బాండ్లిలో అర లీటరు నూనె పోస్తే గుంటగా ఉంటుంది కాబట్టి బజ్జీ మునుగుతుంది, పని అయ్యాక మిగిలిన పావు లీటరు నూనె రెండు రోజుల్లో తాలింపులకు, కూరలకు అయిపోతుంది. ఫ్రైయర్ ట్యాంకు అడుగు అంతా బల్లపరుపుగా ఉంటుంది, పైగా లోపల గోడ మీద కనీసం ఇంత నూనె ఉండాలని ఒక గీత గీసి ఉంటుంది. ఇళ్లలో వాడే రకాలకు అది చాలావరకు ఒకటిన్నర లీటరు నుంచి రెండున్నర, మూడు లీటర్ల మధ్య ఉంటుంది. గీతకు తక్కువ పోస్తే హీటర్ నూనెలోంచి బయటికి తేలి మాడిపోతుంది. అంటే పది బజ్జీల కోసం రెండు లీటర్లు కాచాలి, తర్వాత ఆ రెండు లీటర్లను పారేయడానికి మనసు రాక మళ్లీ మళ్లీ కాస్తూ ఉండాలి.

మరి ఎవరికి పనికొస్తుంది అంటే, ఎనిమిది పది మంది ఉన్న ఉమ్మడి కుటుంబానికి, రంజాన్ నెలంతా ఇఫ్తార్‌కు సమోసాలు, పకోడీలు చేసే ఇంటికి, ఇంట్లోనే నిప్పట్లు, మురుకులు చేసి అమ్ముకునే అక్కలకు, మంట ముందు నిలబడి కాగే నూనెను చూసుకోవడం కష్టమైన పెద్దవాళ్లకు, పిల్లలకు ఫ్రెంచ్ ఫ్రైస్, చికెన్ తరచూ చేసిపెట్టేవాళ్లకు. నా లెక్క ఒకటే: వారానికి రెండుసార్లయినా, వేసిన ప్రతిసారీ నాలుగైదు వాయిలు తీసే ఇల్లయితేనే కొనండి.

షాపులో ఫ్రైయర్ అడిగితే ఎయిర్ ఫ్రైయర్ చూపిస్తున్నారు. రెండూ ఒకటేనా?

ఒకటి కాదు. ఎయిర్ ఫ్రైయర్‌లో నూనె కాగదు, ఫ్యాన్ వేడి గాలిని తిప్పుతుంది, ఒక రకంగా చిన్న ఓవెన్. జారుగా కలిపిన శనగపిండి దాంట్లో గట్టిపడే లోపే కిందికి కారిపోతుంది, కాబట్టి మిరపకాయ బజ్జీ దాంట్లో రాదు, పూరీ పూరీలా రాదు. ఫ్రోజెన్ సమోసాలు వేడి చేయడానికి, నూనె తగ్గించాలని డాక్టరు చెప్పిన ఇంటికి అది మంచిదే. కడప బజారు వీధి వై.వి. స్ట్రీట్‌లోకి పోయి అడిగేటప్పుడు "నూనె పోసేది కావాలన్నా" అని చెప్పేస్తే గొడవ ఉండదు.

ఎన్ని లీటర్లది తీసుకోవాలి?

డబ్బా మీద రాసిన లీటర్లు ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటాయి. కొందరు ట్యాంకు మొత్తం ఎంత పడుతుందో రాస్తారు, కొందరు నూనె ఎంత పోయొచ్చో రాస్తారు. ట్యాంకు 4 లీటర్లని రాసి నూనె గీత రెండున్నర దగ్గరే ఆగిపోయే మోడళ్లు ఉన్నాయి. మూత తీసి లోపల మినిమం, మాక్సిమం గీతలు చూడండి. మినిమం గీత ఎంత కిందికి ఉంటే మనకు అంత మేలు.

ఒక వాయికి ఎంత వేయొచ్చు అనేది దీన్నిబట్టే తేలుతుంది. రెండున్నర లీటర్ల నూనెలో పావు కిలో కంటే ఎక్కువ ఒకేసారి వేస్తే నూనె చల్లబడిపోతుంది, బజ్జీ కాలే బదులు నూనె తాగుతుంది. నలుగురైదుగురికి రెండున్నర లీటర్లు, అంతకు మించితే మూడున్నర, నాలుగు. లీటరు, లీటరున్నర బుల్లి ఫ్రైయర్లు చూడ్డానికి ముద్దుగా ఉంటాయి గానీ వాటిలో వడలు మూడు పడితే గొప్ప.

ఎన్ని వాట్లు ఉండాలి? మామూలు ప్లగ్గు సరిపోతుందా?

సరిపోదు. ఇళ్లలో వాడే ఫ్రైయర్లు ఎక్కువగా 1,500 నుంచి 2,000 వాట్లు, కొన్ని 2,500 దాకా. 230 వోల్టుల దగ్గర 2,000 వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు. మొబైల్ చార్జర్ పెట్టే చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది, అది వేడెక్కి కరుగుతుంది. గీజర్‌కు, ఏసీకి పెట్టే 16 ఆంపియర్ల పవర్ ప్లగ్గు వంటింటి గట్టు మీదే ఉండాలి. లేకపోతే ఫ్రైయర్ కంటే ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, మెయిన్ బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్లు గానీ 4 గానీ రాగి వైరు లాగించి, ఎం.సి.బి. (కరెంటు ఎక్కువైతే దానంతటదే ఆగే స్విచ్) పెట్టించుకోండి. ఎర్తింగ్ కూడా చూపించుకోండి. పాత ఇళ్లల్లో మూడో పిన్ను ఉంటుంది, దాని వెనక వైరే ఉండదు. స్టీలు ట్యాంకును చేత్తో ముట్టుకుంటూ చేసే పనిలో ఇది నిర్లక్ష్యం చేసే విషయం కాదు. ఎక్స్‌టెన్షన్ బోర్డు మాట ఎత్తొద్దు, ఇన్వర్టర్ మీద నడుస్తుందా అని అసలే అడగొద్దు.

వాట్లు ఎక్కువుంటే కరెంటు తినేస్తుందని భయపడి 1,200 వాట్లది కొనేవాళ్లు ఉన్నారు. అది తప్పు లెక్క. ఫ్రైయర్‌కు వాట్లు కావాల్సింది మొదటిసారి నూనె కాగడానికి కంటే, పిండి వేసిన వెంటనే పడిపోయిన వేడి మళ్లీ పుంజుకోవడానికి. ఆ సత్తువ లేని మిషన్‌లో రెండో వాయి నుంచి అంతా నూనె ఓడుతూ వస్తుంది. లీటరు నూనెకు కనీసం 700, 800 వాట్లన్నా పడేలా చూసుకోండి.

ఇంకో సంగతి డబ్బా మీద రాయరు. వోల్టేజీ పడిపోతే వాట్లు అంతకంటే ఎక్కువగా పడిపోతాయి. ఎండాకాలం సాయంత్రం ఊళ్లో అన్ని ఏసీలూ ఆడుతున్నప్పుడు మీ ఇంట్లో 190 వోల్టులే వస్తుంటే 2,000 వాట్ల ఫ్రైయర్ దాదాపు 1,365 వాట్లే ఇస్తుంది. మిషన్ చెడిపోయిందని సర్వీసుకు పరిగెత్తే ముందు ఒకసారి వోల్టేజీ చూడండి. మీ వీధిలో ఎప్పుడూ లో వోల్టేజీయే అయితే గ్యాస్ మీద బాండ్లే మేలు.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది?

అనుకున్నంత కాదు. 2,000 వాట్లది గంటసేపు ఆగకుండా మండితే 2 యూనిట్లు, కానీ వేడి చేరగానే థర్మోస్టాట్ ఆపేస్తుంది, తగ్గగానే మళ్లీ వెలిగిస్తుంది, కాబట్టి గంట పనికి ఒకటిన్నర యూనిట్ లోపే. యూనిట్ ఆరు రూపాయలు అనుకున్నా తొమ్మిది రూపాయలు. నూనె ఖర్చు ముందు ఇది లెక్కలోకి రాదు. ఒక్క జాగ్రత్త, కరెంటు బిల్లు మీద మీ కాంట్రాక్టెడ్ లోడ్, అంటే మీ ఇంటికి ఒకేసారి ఎంత కరెంటు వాడుకోవడానికి ఒప్పుకున్నారో, రాసుంటుంది, గీజరు, ఏసీ, ఫ్రైయర్ మూడూ ఒకేసారి వేసేవాళ్లు అది చూసుకోవాలి.

బజ్జీ పిండంతా జాలీ బుట్టకు అతుక్కుపోతోంది. ఏం చేయాలి?

బుట్ట తీసి పక్కన పెట్టండి. దాదాపు ప్రతి ఫ్రైయర్ కొన్నవాళ్లూ అడిగే ప్రశ్న ఇది. ఆ బుట్టను బంగాళదుంప ముక్కల కోసం, బ్రెడ్ పొడి అద్దిన చికెన్ కోసం చేశారు. పొడిగా ఉన్నవాటిని బుట్టలో వేసి నూనెలోకి దించొచ్చు. మన బజ్జీ పిండి జారుగా ఉంటుంది, తీగల మధ్యలోకి దూరి అక్కడే గట్టిపడుతుంది, లాగితే తొక్క బుట్టకు, మిరపకాయ చేతికి వస్తాయి.

రెండు దారులున్నాయి. బుట్ట పూర్తిగా తీసేసి, బాండ్లిలో వేసినట్టే నేరుగా నూనెలోకి జారవిడిచి, చిల్లుల గరిటెతో తీయడం ఒకటి. లేదంటే ఖాళీ బుట్టను ముందే నూనెలో ముంచి, అది బాగా వేడెక్కాక బజ్జీని సగం నూనెలో కొన్ని క్షణాలు పట్టుకుని తర్వాత వదలడం. అప్పటికి పై పొర గట్టిపడుతుంది కాబట్టి తీగకు తగిలినా అంటదు. నాకు మొదటిదే నచ్చుతుంది. కానీ బుట్ట తీస్తే హీటర్ కాయిల్ బయటికి కనిపించే మోడళ్లు కొన్ని ఉంటాయి, వాటిలో పిండి చుక్కలు కాయిల్ మీద పడి మాడి కమురు వాసన కొడతాయి. కాయిల్ పైన స్టీలు జాలీ పళ్లెం ఉన్నదో, లేదా ట్యాంకు కిందే దాగి ఉన్నదో చూసి తీసుకోవాలి. బజ్జీలు ఎక్కువగా చేసే ఇంటికి ఫ్రైయర్ ఎంచుకోవడంలో నేను ముందు చూసేది ఇదే, వాట్లు తర్వాత.

మొక్కజొన్న పిండి, సోడా ఎక్కువ వేసిన పిండి నురగ కూడా ఎక్కువ తెస్తుంది. మాక్సిమం గీత దాకా నూనె పోసి అలాంటిది వేస్తే పొంగి గట్టు మీదికి వస్తుంది. బజ్జీలకు గీతకు ఒక వేలెడు కిందే ఆపండి.

పూరీలు, అలసంద వడలు, మురుకులు, అరిసెలు అన్నీ వస్తాయా?

అన్నీ ఒకేలా రావు.

అలసంద వడలు బ్రహ్మాండంగా వస్తాయి. వేడి నిలకడగా ఉంటుంది కాబట్టి లోపల పచ్చి లేకుండా, పైన మాడకుండా అన్నీ ఒకే రంగులో వస్తాయి. నాటుకోడి పులుసు చేసిన రోజు ఇరవై మందికి వడలు కాల్చాలంటే మంట పెంచుతూ తగ్గిస్తూ నిలబడే బాధ తప్పుతుంది. చికెన్ పకోడీ, చేప ముక్కలు, సమోసాలు కూడా ఇంతే.

పూరీకి కావాల్సింది లోతు కాదు, వెడల్పు. ట్యాంకు నోరు అడ్డంగా తొమ్మిది అంగుళాలన్నా లేకపోతే పూరీని తిప్పడానికి చోటుండదు, గరిటెతో పైన నూనె చిలకరించడానికి చేయి తిరగదు. ఒక్కో పూరీ వేసి తీయాల్సిందే. పదిమందికి పూరీలు చేసే ఇంట్లో బాండ్లే వేగం.

మురుకులు, నిప్పట్లు బాగా వస్తాయి. మురుకులు మాత్రం గొట్టంతో నేరుగా నూనెలోకి వత్తకండి, ట్యాంకు గోడలు ఎత్తుగా ఉంటాయి కాబట్టి ఆవిరి చేతికి కొడుతుంది. ప్లాస్టిక్ కాగితం మీదనో, చిల్లుల గరిటె వెనకనో వత్తుకుని జారవిడవండి. అరిసెలు వద్దు. బెల్లం పాకం కరిగి అడుగున చేరి మాడుతుంది, ట్యాంకంతా జిగట. కజ్జికాయలు కూడా అంచులు గట్టిగా మూయడం వచ్చినవాళ్లే వేయాలి. ఒక్కటి విచ్చుకుందంటే లోపలి పూర్ణమంతా నూనెలో కలిసి నల్లబడుతుంది, ఆ తర్వాత వేసినవన్నీ మచ్చలతో వస్తాయి.

ఊరుమిరపకాయలు, అప్పడాలు, వడియాలు అర నిమిషం పని. వాటికోసం రెండు లీటర్లు కాచడం ఎందుకు?

దేనికి ఎంత వేడి పెట్టాలి?

నిప్పట్లకు 150 నుంచి 160 డిగ్రీలు, మురుకులకు 160 నుంచి 170, వడలకు 165 నుంచి 175, బజ్జీలకు 170 నుంచి 180, పూరీలకు 185 నుంచి 190. బంగాళదుంప ముక్కలు 150 దగ్గర ఒకసారి మెత్తబడేదాకా వేయించి, ఆరబెట్టి, రెండోసారి 175 దగ్గర వేస్తే కరకరలాడతాయి. దుంపలను ముదురు గోధుమ రంగు దాకా పోనివ్వకండి, బంగారు రంగులో తీసేయండి. ఎక్కువ వేడిలో మాడేకొద్దీ వాటిలో అక్రిలమైడ్ అనే చెడు పదార్థం పెరుగుతుంది.

డయల్ మీద అంకెను గుడ్డిగా నమ్మొద్దు. థర్మోస్టాట్ ఆగే చోటికీ మళ్లీ వెలిగే చోటికీ మధ్య పది, పదిహేను డిగ్రీల తేడా మామూలే. లైటు ఆరిన వెంటనే వేయకుండా అది ఒకసారి వెలిగి మళ్లీ ఆరేదాకా ఆగితే ట్యాంకంతా ఒకే వేడికి వస్తుంది. లేదంటే మన పద్ధతే ఉంది, చిటికెడు పిండి వేస్తే అడుగుకు పోయి వెంటనే తేలాలి.

గానుగ శనక్కాయల నూనె పోయొచ్చా? మా జేజి దాంట్లోనే అన్నీ చేసేది.

జేజి చేసేది నిజమే, కానీ ఆమె అవసరానికి సరిపడా కొంచెం నూనె పోసి, సెగ చూసి కట్టెలు వెనక్కి లాగుతూ చేసేది. ఫ్రైయర్ అలా కాదు, 180 అని తిప్పితే అక్కడే గంటసేపు పట్టుకుంటుంది. వడకట్టి అలాగే పట్టిన గానుగ నూనె దాదాపు 160 డిగ్రీలకే పొగ మొదలుపెడుతుంది, అదే శనక్కాయల నూనె రిఫైన్డ్ అయితే 230 దాకా తట్టుకుంటుంది. గానుగ నూనెలో సన్నటి మడ్డి కూడా ఉంటుంది, అది మాడి నూనెను త్వరగా నల్లబరుస్తుంది, మూతలోని ఫిల్టర్‌ను జిడ్డుతో మూసేస్తుంది.

ఫ్రైయర్‌కు రిఫైన్డ్ శనక్కాయల నూనె గానీ తవుడు నూనె గానీ పోయండి. అంత రేటు పెట్టి పట్టించిన గానుగ నూనెను పొడుల మీదికి, సంగటిలోకి, ఊరగాయలకు ఉంచుకోండి, దాని రుచి అక్కడే తెలుస్తుంది. పామాయిల్ వాడేవాళ్లకు ఒక మాట: చలికాలం తెల్లవారుజామున అది ట్యాంకులోనే పేరుకుపోయి ఉంటే ఒక్కసారిగా 180కి తిప్పకండి, తక్కువ వేడి మీద కరగనిచ్చి తర్వాత పెంచండి. గడ్డకట్టిన నూనె మధ్య కాయిల్ ఒక్కచోటే కాలి పాడవుతుంది.

షాపులో డబ్బా విప్పించి ఏమేం చూడాలి?

ట్యాంకు విడిగా బయటికి రావాలి. రాకపోతే కడగడం నరకం, ఆ మోడల్ దగ్గర ఇంక నిలబడొద్దు. ట్యాంకు స్టీలుదైతే మేలు, మనం స్టీలు గరిటెలే వాడతాం కాబట్టి నాన్‌స్టిక్ పూత గీతలు పడి లేచిపోతుంది.

కాయిల్ అడుగుకు ఆనకుండా కొంచెం ఎత్తులో ఉందేమో చూడండి. అలా ఉంటే కాయిల్ కింద ఉన్న నూనె అంత వేడెక్కదు, రాలిన పిండి ముక్కలు అక్కడికి చేరి మాడకుండా పడుంటాయి, నూనె ఎక్కువసార్లు శుభ్రంగా ఉంటుంది. దీన్నే కంపెనీలు కూల్ జోన్ అంటాయి. కొన్నింటికి అది పేరుకే ఉంటుంది, రెండు వేళ్ల ఎత్తన్నా లేకపోతే లెక్క కాదు.

ఓవర్‌హీట్ కటౌట్ ఉందా అని అడగండి. థర్మోస్టాట్ పనిచేయకుండా పోతే నూనె మండేదాకా వేడెక్కకుండా ఆపేది అదే. చాలా మోడళ్లలో వెనక చిన్న రీసెట్ బటన్ ఉంటుంది. ఆరు నెలల తర్వాత "మిషన్ ఆన్ కావట్లేదు" అని వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని ఆ బటన్ నొక్కితే తీరిపోతాయి. కంట్రోల్ బాక్సును పైకి లాగితే కరెంటు దానంతటదే ఆగిపోవాలి, ఇది కూడా అక్కడే చూపించమనండి.

నూనె వంపడానికి కుళాయి ఉంటే మంచిదే, లేకపోయినా ట్యాంకు మూల చెంబు మూతిలా వంపు తిరిగి ఉంటే పని జరుగుతుంది. మూతకు అద్దం కిటికీ ఉన్నా ఆవిరికి ఏమీ కనపడదు. టైమర్ కోసం వెయ్యి రూపాయలు ఎక్కువ పెట్టొద్దు. ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరిగా చూడండి. మూతలో బొగ్గు ఫిల్టర్ ఉంటే అది మళ్లీ ఎక్కడ దొరుకుతుందో ముందే అడగాలి. కడిగి వాడుకునే స్టీలు జాలీ ఫిల్టర్ అయితే ఆ బెడద లేదు.

హోటళ్లలో కనిపించే స్టీలు సింగిల్ ట్యాంకు ఇంటికి తెచ్చుకోవచ్చా?

రేటు చూసి చాలామంది అటే పోతారు. గట్టిగా ఉంటుంది, కంట్రోల్ బాక్సు ఎత్తి పక్కన పెట్టి ట్యాంకును రుద్ది కడగొచ్చు, కాయిల్ పోతే ఊళ్లోనే మార్పిస్తారు. ఇంటి నుంచి అమ్మకం చేసేవాళ్లకు నేను ఇదే చెప్తాను. మామూలు ఇంటికి మాత్రం వద్దు. ఆరు లీటర్ల ట్యాంకుకు నూనె మూడు నాలుగు లీటర్లు కావాలి, 2,500 వాట్లంటే దాదాపు 11 ఆంపియర్లు, బయటి గోడ ఒంటి రేకు కాబట్టి ముట్టుకుంటే చేయి కాలుతుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో అసలు పెట్టొద్దు. రెండు ట్యాంకులది అయితే రెండు విడి పవర్ ప్లగ్గులు కావాలి, ఒకే ప్లగ్గులోంచి రెండూ లాగితే బోర్డు మాడుతుంది.

మా వాళ్లు కువైట్ నుంచి తెస్తామంటున్నారు, ఇక్కడ పనిచేస్తుందా?

కడప, రాయచోటి, రాజంపేట వైపు ఇది తప్పకుండా వచ్చే ప్రశ్న. పనిచేస్తుంది. కువైట్‌లో 240 వోల్టులు, 50 హెర్ట్జ్, మనకు 230, 50. తేడా పట్టించుకోనక్కర్లేదు. చిక్కు ప్లగ్గుతోనే, అక్కడిది మూడు చదును పిన్నులది. బజారులో దొరికే చవక అడాప్టర్ పెట్టి వాడొద్దు, 9 ఆంపియర్లు దాంట్లోంచి పోతే గంటలో నల్లబడుతుంది. ఎలక్ట్రీషియన్ చేత ఆ ప్లగ్గు కోయించి మన 16 ఆంపియర్ల ప్లగ్గు వేయించుకోండి. ప్లగ్గు కోస్తే వారంటీ పోతుందంటారు, ఎలాగూ అక్కడి వారంటీ ఇక్కడ అక్కరకు రాదు.

అమెరికా నుంచి తెస్తామంటే మాత్రం దండం పెట్టి వద్దనండి. అక్కడ 120 వోల్టులు, ఇక్కడ పెడితే కాయిల్ దాదాపు నాలుగింతల వాట్లు లాగి అప్పుడే పోతుంది, నూనె పోసి ఉంటే ప్రమాదం కూడా. దానికి సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ బరువు, రేటు ఫ్రైయర్‌ను మించిపోతాయి.

గల్ఫ్‌లో దొరికే రకాల్లో రెండు చూడదగ్గవి. టెఫాల్ వాళ్ల ఓలియోక్లీన్‌లో నూనె చల్లారాక దానంతటదే వడకట్టుకుని కింది డబ్బాలోకి దిగుతుంది. డెలాంగీ వాళ్ల రోటోఫ్రైలో బుట్ట ఏటవాలుగా తిరుగుతూ ఉంటుంది కాబట్టి నూనె తక్కువ పడుతుంది. రెండోది దుంపలకు, చికెన్‌కు బాగుంటుంది, తిరిగే బుట్టలో బజ్జీలు వేయడం కుదరని పని.

ఒకే నూనె ఎన్నిసార్లు వాడొచ్చు?

ఆహార భద్రతా సంస్థ ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నియమం ప్రకారం నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె మళ్లీ మళ్లీ కాగేకొద్దీ దాంట్లో పెరిగే పాడు పదార్థాలు) 25 శాతం దాటితే ఆ నూనె వంటకు వాడకూడదు. 2018 జూలై 1 నుంచి ఇది అమల్లో ఉంది. హోటళ్ల కోసం దాన్ని కొలిచే చిన్న మీటర్లు ఉన్నాయి గానీ ఇంట్లో ఎవరు కొంటారు, కాబట్టి వాళ్లే చెప్పే తేలిక మాట పట్టుకోండి: మూడుసార్లకు మించొద్దు, కుదిరితే ఒక్కసారి వేయించిన నూనెను వడకట్టి ఒకటి రెండు రోజుల్లో కూరలకు వాడేయండి.

ఆ రెండో సలహా బాండ్లిలో మిగిలే పావు లీటరుకు సరిపోతుంది. ఫ్రైయర్‌లో మిగిలే రెండు లీటర్లను రెండు రోజుల్లో ఏ ఇల్లు కూరలకు వాడగలదు? అందుకే వారానికి రెండుసార్లు వాడే ఇల్లయితేనే కొనమని మొదట్లో చెప్పింది. ఆ వాడకం ఉన్న ఇంట్లో మూడుసార్లు పదిరోజుల్లో పూర్తవుతాయి, నూనె కనరు పట్టే లోపే మార్చేస్తారు. నెలకోసారి వేసే ఇంట్లో అదే నూనె మే నెల ఎండల్లో ట్యాంకులో కూర్చుని కనరెక్కుతుంది.

నూనె చిక్కబడినా, కాగకముందే పొగ వచ్చినా, బుడగలు చిన్నచిన్నగా నురగలా నిలిచిపోయినా మూడుసార్లు కాకపోయినా పారేయండి. చల్లారగానే గుడ్డలో వడకట్టి, మూత బిగుతుగా ఉండే స్టీలు క్యానులో, చీకటి మూలలో పెడితే ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఫ్రైయర్ మీద ఉప్పు చల్లకండి, ఉప్పు పడితే నూనె త్వరగా పాడవుతుంది, పళ్లెంలోకి తీసుకున్నాకే చల్లుకోవాలి. చేపలు వేసిన నూనెలో బజ్జీలు వేస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

కడగడం ఎలా?

ప్లగ్గు తీసి రెండు గంటలు ఆగాలి, వేడి నూనెతో ట్యాంకును ఎత్తే పని పెట్టుకోవద్దు. నూనె వంపేసి, అడుగు మడ్డిని పాత న్యూస్ పేపరుతో తుడిచేసి, తర్వాత వేడినీళ్లు, గిన్నెలు తోమే లిక్విడ్ పోసి నానబెట్టి తోమండి. కంట్రోల్ బాక్సును నీళ్లలో ముంచకండి, తడిగుడ్డతో తుడిస్తే చాలు. కడిగాక ఎండలో బోర్లించి పూర్తిగా ఆరబెట్టాలి, మన ఊరి ఎండకు అది పెద్ద పని కాదు. కుళాయి ఉన్న మోడళ్లలో ఆ గొట్టంలో నీళ్లు దాక్కుంటాయి. అవి మిగిలి ఉండగా నూనె పోసి కాస్తే కింద నుంచి ఆవిరి ఎగదన్ని నూనె పైకి చిమ్ముతుంది. కడిగాక కుళాయి తెరిచి ఉంచి ఆరనివ్వండి.

పిల్లలున్న ఇంట్లో భద్రమేనా?

గ్యాస్ మంట లేదు కాబట్టి చీర కొంగు అంటుకునే భయం తగ్గుతుంది, అంతవరకు మేలు. కొత్త భయం వైరుతో. గట్టు మీది నుంచి వైరు కిందికి వేలాడుతుంటే పాకే పిల్లాడు లాగితే రెండు లీటర్ల కాగిన నూనె మీద పడుతుంది. అయస్కాంతంతో అంటుకుని, లాగితే ఊడొచ్చే వైరు ఉన్న మోడళ్లు ఉన్నాయి, చిన్నపిల్లలుంటే అదే తీసుకోండి. లేకపోతే ప్లగ్గు గట్టుకు పైనే, ఫ్రైయర్ వెనక ఉండేలా చూడండి. కడప బండ గట్లు వెడల్పు తక్కువగా కట్టిన పాత వంటిళ్లలో ఫ్రైయర్ అంచుకు వచ్చేస్తుంది, అలాంటి చోట పెట్టొద్దు. గ్యాస్ స్టవ్ పక్కన అసలే వద్దు.

ఎప్పుడైనా నూనె అంటుకుంటే నీళ్లు పోయొద్దు. మెయిన్ స్విచ్ ఆపి, మూత పెట్టి, దూరంగా రండి. ట్యాంకు పూర్తిగా చల్లారేదాకా మూత తీయొద్దు. ఫ్రోజెన్ ముక్కల మీద పేరుకున్న మంచును దులిపి వేయడం, తడి చేత్తో పిండి వేయకపోవడం, కాగుతున్నప్పుడు వదిలేసి టీవీ ముందుకు పోకపోవడం, ఈ మూడూ పాటిస్తే అంతదాకా రాదు.

ఆన్‌లైన్‌లో కొనాలా, ఊళ్లో కొనాలా?

సర్వీస్ సెంటర్ ఎక్కడుందో చూసి తేల్చుకోండి. ఫ్రైయర్లు తక్కువ అమ్ముడుపోయే సరుకు కాబట్టి చాలా కంపెనీల సామాన్లు కడపలో దొరకవు, తిరుపతికో బెంగళూరుకో పంపాలంటారు. కంపెనీ నంబరుకు ఫోన్ చేసి మీ పిన్‌కోడ్ చెప్పి అడిగితే నిమిషంలో తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో తీసుకుంటే డబ్బా విప్పేటప్పుడు వీడియో తీసి పెట్టుకోండి, ఒకసారి నూనె పోసి వాడాక వెనక్కి తీసుకోవడానికి చాలామంది ఒప్పుకోరు. కాబట్టి నూనె పోయకముందే ట్యాంకు సొట్టలు, మూత బిగింపు, కాయిల్ బిగువు చూసుకోండి. నూనె లేకుండా ఆన్ చేసి మాత్రం చూడొద్దు, కాయిల్ కాలిపోతుంది, వారంటీ కూడా రాదు.

పాడైన నూనె ఎక్కడ పోయాలి?

సింకులో పోయొద్దు. పైపులో గడ్డకట్టి వీధి కాలువదాకా అడ్డుపడుతుంది. వీధి చివర బండి పెట్టుకున్నవాళ్లు చవగ్గా కొంటామని అడిగితే ఇవ్వొద్దు, అది మళ్లీ ఎవరి పళ్లెంలోకో వస్తుంది. వాడిన నూనెను సేకరించి బయోడీజిల్ చేయించడానికి ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 2018 ఆగస్టులో రూకో అనే కార్యక్రమం మొదలుపెట్టింది, అది ఎక్కువగా పెద్ద హోటళ్ల కోసం. ఇంట్లో రెండు మూడు లీటర్లే అయితే చల్లారాక పాత ప్లాస్టిక్ సీసాలో పోసి, మూత గట్టిగా బిగించి, మున్సిపాలిటీ బండికి పొడి చెత్తతో కలపకుండా విడిగా ఇవ్వండి. కొంచెమే మిగిలితే రంపపు పొట్టులోనో పాత పేపరు ముక్కల్లోనో పీల్చుకోనిచ్చి కవరులో కట్టేయొచ్చు. తలుపుల బందులకు, గేటు గొళ్లేలకు రాయడానికి ఒక చిన్న సీసా దాచుకునేవాళ్లూ ఉన్నారు, కానీ అది కొన్నాళ్లకు బంకలా పట్టేస్తుంది, దానికి మిషన్ ఆయిలే సరి.